బంగారు నగల మదింపు, ప్రమాణాలు

నగలో బంగారం ఎంత, దాని మేలిమి ఎంత, రాళ్లూ పనితనమూ కలిపి ఎంత చేస్తుంది అన్నవి తేల్చడమే మదింపు. ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. భారతదేశంలో హాల్‌మార్క్ జవాబు చెప్పేది మేలిమి గురించి మాత్రమే. ఈ రంగపు చరిత్రను గీటురాయి నుంచి ఎక్స్-రే యంత్రం దాకా సాగిన పనిముట్ల కథగా చెప్పడం అలవాటు. కానీ పరీక్షించే మనిషికి ఫలితంలో లాభం ఉందా లేదా అన్నదే ఇక్కడ మొదటి నుంచీ అసలు చిక్కు. కౌటిల్యుని అర్థశాస్త్రం పదహారు వన్నెల బంగారాన్ని గీటురాయిపై పోల్చే పద్ధతి చెబుతూనే, గోటి సందులో జేగురు పొడి దాచి గీటు మీద చల్లే మోసాన్నీ ప్రస్తావిస్తుంది. అనుమానం రాయి మీద కాదు, చేతి మీద. మనం ఇప్పటికీ అనే ‘పదహారు వన్నె’ ఆ లెక్కలోదే.

కచ్చితమైన పరీక్ష అగ్నిపరీక్షే. నగ నుంచి తీసిన తునకను తూచి, వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, క్యూపెల్ అనే చిన్న మూసలో కాలుస్తారు. సీసం, రాగి ఆ మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన గుండును రేకుగా సాగగొట్టి నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే వెండి కరిగి బంగారం మిగులుతుంది. ఎక్స్-రే యంత్రం నిమిషాల్లో ఫలితం చెప్పినా అది చూసేది పైపొరనే. మందంగా పూత పూసిన నగ దాన్ని ఏమార్చగలదు. తరతరాలుగా నమ్మిన కంసాలి ఉండగా ఇదంతా దేనికని అడిగేవారున్నారు. ఆ నమ్మకం ఉత్తది కాదు. అయితే అతుకుకు వాడే టంకంలో మేలిమి తక్కువ కాబట్టి, నిజాయతీపరుడు చేసిన నగ కూడా మొత్తంగా కరిగిస్తే అనుకున్న వన్నెకు తగ్గవచ్చు. పైగా ఆ నమ్మకం ఇద్దరి మధ్యది. నగ తాకట్టుకో మారకానికో వెళ్లినప్పుడు దాని వెంట వెళ్లదు.

అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో ఐచ్ఛికంగా మొదలుపెట్టిన హాల్‌మార్కింగ్, 2021 జూన్‌లో 256 జిల్లాల్లో తప్పనిసరి అయింది. 22 క్యారెట్ల నగపై సంస్థ ముద్ర, 22కె916 అన్న గుర్తు, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ అనే విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ సంఖ్య లేని నగను హాల్‌మార్క్ నగగా అమ్మకూడదు. మేలిమి తగ్గితే, తగ్గిన మేరకు లెక్కగట్టిన విలువకు రెట్టింపూ పరీక్ష ఖర్చూ కొనుగోలుదారుకు ఇవ్వాలని 2018 నియమాలు చెబుతాయి. పరీక్షా కేంద్రానికి రుసుము కట్టేది నగల వ్యాపారే కదా, అది ఎలా తటస్థం అన్న ఆక్షేపణ బలమైనదే. పూర్తి జవాబు లేదు. కాకపోతే హెచ్‌యూఐడీ వల్ల ఏ నగను ఏ కేంద్రం పరీక్షించిందో తెలుస్తుంది. తప్పు ముద్ర వేసినవారు దొరికే దారి ఏర్పడింది.

ముద్ర చెప్పనివి ధరలో దాక్కుంటాయి. 20 గ్రాముల గొలుసుకు 10 శాతం తరుగు వేస్తే, నగలో లేని 2 గ్రాముల బంగారానికి డబ్బు కట్టినట్టే, మజూరీ అదనం. తరుగు పనితనానికి చెల్లించే ధరే అని వ్యాపారులంటారు. అలాగైతే దాన్ని బంగారం ధరతో పాటు పెరిగే శాతంగా లెక్కించడం ఎందుకో చెప్పాలి. తాకట్టులో రాళ్లకు, మజూరీకి విలువ కట్టరు, నికర బంగారాన్నే లెక్కిస్తారు. అక్కడా నగను పరీక్షించే అప్రైజర్‌కు రుణానికి ఇంతని ముట్టే చోట పాత చిక్కే మళ్లీ వస్తుంది. రుణగ్రహీత ఎదుటే పరీక్షించి, రాళ్ల తూకం కింద ఎంత తీసేశారో చెప్పాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన దానికి కొంత విరుగుడు.

కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. వాటి విలువలో బంగారం వాటా చిన్నది, రాళ్లకు అగ్నిపరీక్ష లేదు. హైదరాబాద్ నిజాం నగలే ఇందుకు ఉదాహరణ. వాటిలోని జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లని తూచి చెప్పగలిగారు గానీ, మొత్తం 173 నగల ధర మీద వివాదం ఏళ్ల తరబడి నడిచి, 1995లో కేంద్ర ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నాకే ముగిసింది.