కోరమాండల్ తెరలు – మన తీరం పేరు మోసిన చైనా చెక్కడం

"కోరమాండల్ లాకర్" అనే మాటలో రెండు పదాలున్నాయి. రెంటికీ మూలం మన దేశమే. చోళమండలం పోర్చుగీసు వారి నోట పడి కోరమాండల్ అయింది. సంస్కృతంలోని లాక్షా శబ్దం ప్రాకృతంలో లక్ఖగా, తెలుగులో లక్కగా మారింది. అదే పారశీక, పోర్చుగీసు భాషల మీదుగా ఐరోపా చేరి లాకర్ అయింది. ఇంతా చేసి, ఆ పేరు పెట్టుకున్న వస్తువు చోళమండలంలో తయారైనది కాదు. అందులో లక్క కూడా లేదు. అది అచ్చంగా చైనా శిల్పుల చేతిపని. రెండు పదాలూ మనవై, వస్తువు మాత్రం మరొకరిదైన ఇటువంటి సమాసం భాషలో అరుదు. ఆ పేరు వెనుక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర పారిస్ నగరపు ఖరీదైన దుస్తుల దాకా సాగుతుంది. అక్కడి నుంచి మన పెడన అద్దకపు అచ్చుల దాకా మనల్ని తీసుకువస్తుంది.

మల్కాజ్‌గిరి, సికింద్రాబాదు ప్రాంతాల్లో కోరమాండల్ అనగానే సర్దార్ పటేల్ రోడ్డులోని ఎరువుల కంపెనీ గుర్తుకు వస్తుంది. కోస్తా వారికి 1977లో హౌరా, మద్రాసుల మధ్య మొదలైన ఎక్స్‌ప్రెస్ రైలు గుర్తుకు వస్తుంది. పారిస్‌లో కళాఖండాలు సేకరించేవారికి మాత్రం ఆ పేరు వినగానే నల్లగా నిగనిగలాడే పెద్ద మడత తెర కళ్లముందు నిలుస్తుంది.

ఆ తెర తయారీని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మొదట చెక్క పలకలను సిద్ధం చేస్తారు. వాటి మీద మెత్తని మట్టి లేక బూడిద పొడిని జిగురుతో కలిపి పూత పూస్తారు. అది ఆరిన తరువాత పైన నల్లని లేక ముదురు గోధుమరంగు లాకరును పొరలు పొరలుగా పూసి, ప్రతి పొరనూ ఆరనిచ్చి, చివరకు అద్దంలా మెరుగు పెడతారు. అప్పుడు చెక్కడం ప్రారంభమవుతుంది. బొమ్మకు కావలసిన చోట లాకరు పొరను అడుగున ఉన్న మట్టిపూత కనిపించేదాకా ఉలితో తొలగిస్తారు. ఆ పల్లంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగులూ బంగారు పొడీ నింపుతారు. చెక్కని భాగం నల్లని ఆకాశంలా మిగిలిపోతుంది, చెక్కిన భాగం వర్ణచిత్రమవుతుంది. చైనా వారు దీనిని క్వాన్‌త్సాయ్ అంటారు. రంగు నింపిన చెక్కడమని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. మింగ్ రాజుల చివరి కాలంలో వృద్ధిపొందిన ఈ విద్య, 1662 నుంచి 1722 వరకు ఏలిన కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో ఉచ్చస్థితికి చేరింది. పన్నెండు పలకల తెరలు ఎక్కువగా చేసేవారు. పెద్ద అధికారులకు పుట్టినరోజు కానుకలుగా ఇచ్చేవారు. ముందువైపు రాజప్రాసాదాలు, ఉద్యానాలు, పక్షులు, పువ్వులు. వెనుకవైపు చాలా తెరల మీద అభినందన వాక్యాలు. ఎవరికి ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో ఆ రాతలో ఉంటుంది. చెక్కినవాడి పేరు మాత్రం సాధారణంగా ఉండదు.

లాకరుకూ లక్కకూ ఉన్న భేదం మన వాళ్లకు సులభంగానే బోధపడుతుంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ లక్క ఒక పురుగు స్రవించే పదార్థం. చైనా లాకరు ఒక చెట్టు పాలు. అది వేడికి కరిగి అంటుకునేది కాదు, తేమగాలిలో మెల్లగా గట్టిపడేది. ఐరోపా వారికి రెండూ ఒకేలా మెరిశాయి గనుక రెంటికీ ఒకే పేరు పెట్టారు.

తీరం పేరు ఎలా అంటుకున్నదో తెలియాలంటే నాటి సముద్ర వర్తకాన్ని తలచుకోవాలి. డచ్చివారు 1605 ప్రాంతాన బందరుకు వచ్చారు, ఆంగ్లేయులు 1611లో వచ్చారు. 1613 నాటికి పులికాట్‌లో డచ్చివారి కోట వెలిసింది. వారికి కావలసినది జావా, మలుకు దీవుల సుగంధ ద్రవ్యాలు. ఆ దీవుల వారికి కావలసినది మన తీరపు నూలుబట్ట. అందువల్ల బందరు, పులికాట్ రేవుల నుంచి బట్ట తూర్పుకు పోయేది, మిరియాలూ జాజికాయలూ తిరిగి వచ్చేవి. జావాలోని బాంటం రేవుకు చైనా నావలు కూడా వచ్చేవి. ఈ దారులన్నీ కలిసిన చోట చైనా తెరలు కంపెనీల ఓడలెక్కాయి. వాటిని తొలుత ఇంగ్లండులో బాంటం పని అన్నారు. తరువాత 18వ శతాబ్ది చివరికి పారిస్ వేలంపాటల వారి నోట అవి కోరమాండల్ తెరలయ్యాయి. రెండు పేర్లూ రేవుల వైపు నుంచి వచ్చినవే. కొన్నవాడు సరుకు దిగిన దారిని చూశాడు గాని, సరుకు పుట్టిన ఊరిని అడగలేదు.

అక్కడ వాటికి పట్టిన గతి కూడా ఈ సంగతినే చెబుతుంది. పన్నెండు పలకల కథను ముక్కలుగా కోసి బీరువాలకూ బల్లలకూ అద్దాల చట్రాలకూ అతికించారు. ఒక ముక్కలో మనిషి, మరో ముక్కలో అతడు నడిచే వంతెన! ఈ కోతను 1688లో అచ్చయిన ఒక ఆంగ్ల గ్రంథంలో స్టాకర్, పార్కర్ అనే రచయితలు ఎగతాళి చేశారు కూడా.

ఇక ఇరవయ్యో శతాబ్దికి వద్దాం. గాబ్రియేల్ షానెల్ (1883–1971) పారిస్‌లో దుస్తుల వ్యాపారాన్ని స్థాపించి లోకప్రసిద్ధురాలైంది. ఆమెకు ఈ తెరలంటే వల్లమాలిన ఇష్టం. ముప్పైకి పైగా సేకరించిందని చెబుతారు. కాంబోన్ వీధి 31వ నంబరు భవనంలోని తన నివాసంలో వాటిని గోడలకు కప్పుగా అమర్చుకుంది, తలుపులు కనబడకుండా అడ్డంగా నిలబెట్టుకుంది. ఆమె గతించిన తరువాత 1983లో ఆ సంస్థ రూపకల్పన బాధ్యత కార్ల్ లాగర్‌ఫెల్డ్ చేపట్టాడు. అతడు 1996–97 శరత్, శీత ఋతువుల కోసం చేసిన దుస్తులలో ఆ తెరల దృశ్యాలను పొడుగాటి కోట్ల మీదకు తెచ్చాడు. ఆ కుట్టుపని లెసాజ్ అనే పేరుపొందిన పారిస్ కార్ఖానాది. చెక్కినప్పుడు లోపలికి దిగిన బొమ్మ, దారాలతో తళుకులతో కుట్టినప్పుడు పైకి లేచింది. నల్లని నేల మాత్రం అలాగే ఉంది. 2007లో అదే సంస్థ ఒక అత్తరుకు కోరమాండల్ అని పేరు పెట్టింది. 2024 డిసెంబరు 3న చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో, పశ్చిమ సరస్సు ఒడ్డున, ఆ సంవత్సరపు ప్రత్యేక వస్త్ర ప్రదర్శన జరిపింది. షానెల్ నివాసంలోని ఒక తెర మీద ఆ సరస్సే చెక్కి ఉండటం ఆ ఎంపికకు ప్రేరణ. మూడు శతాబ్దాలు గడిచాక బొమ్మ తన ఊరు చేరింది. దీనిని మెచ్చుకోవలసిందే. అయినా పేరు మాత్రం ఇంకా మన తీరానిదే.

ఇందులో మనం గర్వించవలసినది ఏమైనా ఉందా? పేరు చూసి గర్వించడం పరుల నగ పెట్టుకొని మురిసినట్లే. మన తీరం నిజంగా చేసి పంపినది మరొకటి ఉంది. అది బట్ట. హిందీలో ఛీంట్ అన్నదీ ఇంగ్లీషులో చింట్జ్ అన్నదీ మన చీటిగుడ్డే. మాట మూలం సంస్కృతపు చిత్ర శబ్దం. కలంతో గీసి, పటికతో, చిరివేరు రంగుతో పండించిన ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. ఐరోపా స్త్రీపురుషులు దాని మీద ఎంత మోజుపడ్డారంటే, ఫ్రాన్సు 1686లో ఇలాంటి బట్టలను నిషేధించింది; ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1701లో అమలైన చట్టంతో ఒకసారి, 1721 చట్టంతో మరింత గట్టిగా అడ్డుకట్ట వేసింది. చైనా తెర ఐరోపాలో ధనికుల ఇంటి అలంకారంగా నిలిచింది. మన బట్ట వారి నేతగాళ్లకు ప్రమాదమని తోచి చట్టాలకెక్కింది. ఆ తరువాత వారే యంత్రాల మీద దాన్ని అనుకరించి లోకమంతా అమ్మారు. ఇంగ్లీషులో చింట్జ్ అంటే నేడు పూల కర్టెన్ గుడ్డ. దాని వెనుక బందరు ఉందని ఎందరికి స్ఫురిస్తుంది? చేయనిదానికి మన తీరం పేరు మిగిలింది. చేసినదానికి పోయింది.

చెక్కడం కూడా మన తీరాన లేకపోలేదు. బందరుకు దగ్గరలోని పెడనలో అద్దకపు అచ్చులు చెక్కేవారు నేటికీ ఉన్నారు. టేకు ముక్కను నున్నగా చేసి, దాని మీద నమూనా దించి, చిన్న ఉలులతో తొలుస్తారు. రూపరేఖకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క అచ్చు. నాలుగు అచ్చులూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. కోరమాండల్ తెరలో చెక్కి తీసిన చోట రంగు నిలుస్తుంది. పెడన అచ్చులో చెక్కకుండా మిగిల్చిన చోట రంగు నిలుస్తుంది. ఆ రంగు కరక్కాయ పట్టించిన బట్ట మీదకు దిగి, పారేనీటిలో ఉతుకు పడి, చీరగానో దుప్పటిగానో మన ఇళ్లకు వస్తుంది. అచ్చు పైకి కనబడదు, బట్ట కనబడుతుంది. అందుకే అచ్చు చెక్కినవాడు రెండింతలు మరుగున పడతాడు. పైగా అవే పూలను యంత్రం మీద ముద్రించి కలంకారీ పేరుతోనే చౌకగా అమ్ముతుంటే, నెలల తరబడి అచ్చు చెక్కే చేతికి విలువ కట్టేదెవరు?

నేటి దుస్తుల రూపకర్తలు పాత చెక్కడాల నుంచి ప్రేరణ పొందడం తప్పు కాదు. కళ ఒక మాధ్యమం నుంచి మరో మాధ్యమానికి నడవకపోతే నిలిచిపోతుంది. మన అద్దకంలోనే పారశీకపు తీగలూ చైనా పువ్వులూ కలిసిపోయాయి. కలంకారీ అన్న పేరే పారశీకం. అప్పు తీసుకోవడానికి లేని సిగ్గు, అప్పు ఎవరిదో చెప్పడానికి ఎందుకు? హాంగ్‌ఝౌలో జరిగిన ప్రదర్శన కనీసం ఊరిని గుర్తించింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక మన అద్దకానికి కూడా చట్టంలో ఊరి పేరు దక్కింది. మిగిలినది మనిషి పేరు.

సికింద్రాబాదు దుకాణాలలో అద్దకం చీర చూపించేటప్పుడు రంగు పోదని చెబుతారు, నూలు మంచిదని చెబుతారు. అచ్చు ఎవరు చెక్కారని అడిగి చూడండి. దుకాణదారు ఎరుగకపోవచ్చు. పదిమంది అడిగితే అతడు పెడన వర్తకుణ్ణి అడుగుతాడు. ఆ వర్తకుడికి ఆ పేరు తెలిసి ఉండవచ్చు.