దిగే చోటు లేని విమానం

అమ్మకి హైదరాబాద్‌లో పిత్తాశయం తీసేశారు. లోపల రాళ్లు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, నాలుగు ప్లాస్టర్లు, అంతే. మత్తు పూర్తిగా దిగకముందే కళ్లు సగం తెరిచి అమ్మ అడిగిన మొదటి మాట, "ఇంటికెప్పుడురా?"

ఇల్లంటే హైదరాబాద్‌లోని మా ఫ్లాటు కాదు. విశాఖపట్నంలో గుమ్మం పక్కన నందివర్ధనం చెట్టున్న ఇల్లు. అది నాకూ తెలుసు, డాక్టరుగారికీ అప్పటికే తెలిసిపోయింది.

"అయిదారు రోజులు ఆగండమ్మా, విమానంలో పంపించేస్తాను" అన్నారాయన. ఎందుకు ఆగాలో కూడా ఓపిగ్గా చెప్పారు. విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలిని 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంచుతారట. అంటే ఊటీ ఎక్కినట్టు. అక్కడ ఆక్సిజన్ కాస్త తక్కువ. పైగా ఒంట్లో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే అది మూడో వంతు దాకా ఉబ్బుతుంది. కొత్తగా కుట్టిన చోట అలా ఉబ్బితే నొప్పి, ఒక్కోసారి ప్రమాదం. అమ్మకి చేసినట్టు చిన్న గాట్లతో అయితే ఒకటి రెండు రోజులకే ఎగరొచ్చుగానీ, పొట్ట కోసి చేస్తే 4, 5 రోజులు, పెద్ద ఆపరేషనయితే కనీసం 10 రోజులు ఆగాలన్నారు. అమ్మ వయసు చూసి మరికొన్ని రోజులు కలిపారు.

ఆయన వెళ్లాక అమ్మ పైకప్పు వైపు చూస్తూ, "ఇరాన్ షాకి కూడా ఇదే తీశారు కదరా?" అంది.

నేను తెల్లబోయాను. అమ్మ సోషల్ టీచరు. 1979లో కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆ చలికాలమంతా రేడియో వార్తల్లో అదే పేరు వినిపించేదట. న్యూయార్క్ ఆసుపత్రిలో షా, టెహరాన్‌లో బందీలు. "ఆపరేషనయ్యాక ఆయన ఏమయ్యాడో నాకు గుర్తులేదు. నువ్వు ఎక్కడో చదివే ఉంటావు, చెప్పు" అంది. ఆ అయిదు రోజులూ, ఆ తర్వాత విమానంలో ఆ గంటంబావూ, నేను చెప్పింది ఆ కథే.

మహమ్మద్ రెజా పహ్లవీ. నెమలి సింహాసనం మీద 37 ఏళ్లు కూర్చున్నవాడు. 1971లో పర్షియా రాచరికానికి 2,500 ఏళ్లని పెర్సెపోలిస్ శిథిలాల పక్కన పట్టు గుడారాలు వేయించి, పారిస్ నుంచి వంటవాళ్లను రప్పించి, ప్రపంచంలోని రాజులనూ అధ్యక్షులనూ విందుకు కూర్చోబెట్టినవాడు. 1977 డిసెంబరు 31 రాత్రి టెహరాన్‌లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ గ్లాసు పైకెత్తి, కల్లోలిత ప్రాంతంలో ఇరాన్ ఒక స్థిరమైన ద్వీపమని మెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి విప్లవం వచ్చి ఆ ద్వీపం మునిగిపోయింది.

అమ్మకి ఒక సంగతి దాచకుండా చెప్పాను. ఆయన జైళ్లలో, సావాక్ అనే రహస్య పోలీసుల చేతుల్లో నలిగిపోయినవాళ్లు ఎందరో. వాళ్ల తల్లులు కార్చిన కన్నీళ్లు ఈ కథలో లేకపోతే ఇది కథే కాదు. నేను ఆయన రాజ్యం కోసం బాధపడటం లేదు. కోసి కుట్టిన పొట్టతో విమానం వెంట విమానం ఎక్కిన ఆ శరీరాన్ని తలచుకుంటేనే నాకు బాధ.

ఆ శరీరంలో ఏముందో ప్రపంచానికి తెలియదు. 1974లోనే ఫ్రెంచి వైద్యులు రహస్యంగా వచ్చి పరీక్షించారు. రక్తానికి, లింఫ్ గ్రంథులకు సంబంధించిన క్యాన్సర్. భార్య ఫరాకు సైతం 1977 దాకా తెలియనివ్వలేదు. రాజు జబ్బు రాజ్యానికి తెలిస్తే కొంప మునుగుతుందని దాచారు. దాచినా మునిగింది.

1979 జనవరి 16న మెహ్రాబాద్ విమానాశ్రయంలో తడి కళ్లతో విమానమెక్కి, ఆయనే స్వయంగా నడిపాడు. విశ్రాంతి కోసం కొన్నాళ్లు బయటికి వెళ్తున్నానన్నాడు. మొదట దిగింది ఈజిప్టులోని అస్వాన్‌లో. తర్వాత మొరాకో, బహామాస్, మెక్సికో. ఒక్కో చోటా ఆతిథ్యం కొన్ని రోజులు, కొన్ని నెలలు. మొరాకోలో, బహామాస్‌లో ఎవరో వచ్చి మర్యాదగా, ఇక వేరే చోటు చూసుకుంటే మంచిదని చెప్పేవాళ్లు. మెక్సికోలో కళ్లు, ఒళ్లు పచ్చబడ్డాయి, జ్వరం పట్టుకుంది. 1979 అక్టోబరు 22న ఆయన్ని న్యూయార్క్‌కు తీసుకెళ్లారు. 24న ఆపరేషన్.

అప్పటికి చిన్న గాట్లతో పిత్తాశయం తీసే పద్ధతి లేదు. అది జర్మనీలో మొదలైంది 1985లో. షాకి కుడి డొక్క కింద పొడుగ్గా కోశారు. పిత్తాశయం తీశారుగానీ ఒక రాయి నాళంలోనే మిగిలిపోయింది. ఉబ్బిన ప్లీహాన్ని ముట్టుకోలేదు.

"అయ్యో, మళ్లీ కోశారా?" అంది అమ్మ తన పొట్ట మీద చెయ్యి వేసుకుని.

అప్పుడే కాదు. నవంబరు 4న టెహరాన్‌లో విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయంలోకి చొరబడి, షాని అప్పగించమన్నారు. 52 మందిని 444 రోజులు బంధించారు. ఆసుపత్రి కిటికీ కింద రోజూ నినాదాలు. ఆపరేషనయిన మనిషికి కావలసింది నిద్ర. ఆయనకి నిద్రలో కూడా తన చావు కోరే గొంతులే వినిపించి ఉంటాయి. ఇంతలో మెక్సికో, తిరిగి రావద్దంది.

డిసెంబరు 2న ఆయన్ని సైనిక విమానంలో టెక్సస్‌కు తరలించారు. ఆపరేషనయి 39 రోజులు. రోజుల లెక్కన చూస్తే ఎగరడానికి ఏ అడ్డూ లేదు. ఎక్కడికన్నదే లేదు. అక్కడి వైమానిక స్థావరపు ఆసుపత్రిలో మొదట ఇచ్చిన గదికి కిటికీలకు చువ్వలున్నాయి. మానసిక రోగుల విభాగం అది. పక్షం తిరగకముందే, డిసెంబరు 15న, పనామా.

ఇక్కడిదాకా ఆసుపత్రిలోనే చెప్పాను. ఆరో రోజు పొద్దున్నే ఎగరడానికి ఫరవాలేదని డాక్టరు సంతకం పెట్టిన కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరాం. టికెట్టు కొన్నప్పుడే వీల్‌ఛైర్ అడిగి పెట్టాను. నడవగలిగినా అడగమన్నారు డాక్టరు. విమానాశ్రయంలో నడకే ఎక్కువ, నిలబడటం ఇంకా ఎక్కువ. మందులన్నీ చేతిసంచిలో, డిశ్చార్జి కాగితాలతో సహా. పెద్ద సూట్‌కేసులో పెడితే అది ఏ ఊరు పోతుందో! అమ్మ అలవాటు కొద్దీ తన సంచి తానే ఎత్తబోయింది. గట్టిగా వారించాను. కొన్ని వారాల దాకా బరువెత్తకూడదు, పై అరల వైపు చేతులు చాపకూడదు.

నడవ పక్కన సీటు తీసుకున్నాం, లేవడానికి వీలుగా. నడుము బిగించని వదులు నైటీ, మీద శాలువా. బెల్టు గాట్లకు రాసుకోకుండా కిందకి జరిపి, మధ్యలో చిన్న తువ్వాలు మడిచి పెట్టాను. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా పొట్టకి అదిమి పట్టుకోమని ఒక చిన్న దిండు. ముందు రోజు నుంచీ శనగలు, చిక్కుడు, సోడాలు బంద్. విమానంలో గాలి ఎడారి గాలంత పొడి, అందుకని గుక్కగుక్కగా నీళ్లు. కాఫీ కావాలంది, ఇంటికెళ్లాక అన్నాను. పది నిమిషాలకోసారి మడమలు ఎత్తి దించమని, పాదాలు గుండ్రంగా తిప్పమని గుర్తుచేస్తూ ఉన్నాను. ఆపరేషనయిన వారాల్లో కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకొస్తుంది. నాలుగు గంటలు దాటే ప్రయాణాల్లో ఈ భయం ఎక్కువ. అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి మనవాళ్లు ఆపరేషన్‌కని వచ్చి తిరుగు టికెట్టు తేదీ చూసుకుని హడావిడిగా ఎక్కేస్తుంటారు. వాళ్లు డాక్టర్ని తప్పకుండా అడగాలి, బిగుతు మేజోళ్లు కావాలా, రక్తం పల్చబరిచే ఇంజెక్షన్ కావాలా అని. చేరాక కూడా ఒక్క కాలే వాచినా, పిక్క నొప్పిపుట్టినా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు చూద్దామనుకోకూడదు.

విమానం లేచింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఊఁ, పనామా" అంది.

పనామాలో ప్లీహం బాగా ఉబ్బిపోయింది, తీయక తప్పదన్నారు. ఎవరు తీయాలన్న దగ్గర పనామా వైద్యులకూ అమెరికా వైద్యులకూ పంతాలు. అవతల షాని అప్పగించమనే కాగితాలు ఇరాన్ నుంచి సిద్ధమవుతున్నాయి. ఆపరేషన్ బల్ల మీద ఉండగానే ఆయన్ని పట్టి ఇచ్చేస్తారేమోనన్న భయం ఆ దంపతులకి. 1980 మార్చి 23న అద్దె విమానమెక్కారు, కైరోకి. రారమ్మని నోరారా పిలిచిన ఒకే ఒక్కడు, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్.

అమ్మకి డాక్టరు చెప్పిన లెక్కతో ఆ ప్రయాణాన్ని కొలిచి చూడండి. ఒంట్లో జ్వరం. మందులతో, జబ్బుతో రక్తకణాలు పడిపోయాయి. రక్తం తక్కువగా ఉన్నవాడికి ఆ ఎత్తున ఆక్సిజన్ ఇంకా చాలదు. ఏ వైద్యుడూ ఎగరమని సంతకం పెట్టని స్థితి అది. పైగా సముద్రం దాటే దారి. మధ్యలో అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర ఇంధనం కోసం దిగితే, తిరిగి లేవడానికి గంటలు పట్టింది. ఆయన్ని వెనక్కి తిప్పే బేరాలు ఎక్కడో నడుస్తున్నాయని ఫరా భయం. చీకట్లో, రన్‌వే మీద, జ్వరంతో పడుకున్న మనిషి. ఒకప్పుడు ఆయన దిగుతున్నాడంటే దేశాలు తివాచీలు పరిచేవి.

"భార్య పక్కనే ఉందా?" అంది అమ్మ.

"ఉందమ్మా. చివరిదాకా."

"అదొక్కటీ నయం."

కైరోలో సాదత్ స్వయంగా విమానాశ్రయానికి వచ్చాడు, సైనిక వందనంతో. సింహాసనం లేని మనిషికి రాజు మర్యాద చేసినవాడు ఆయనొక్కడే. ఆ తర్వాత ఏడాదిన్నరకు సాదత్‌ని కాల్చి చంపారు. షా కైరో చేరిన కొద్ది రోజులకే, మార్చి 28న హ్యూస్టన్ నుంచి వచ్చిన పేరుమోసిన సర్జన్ డెబేకీ ప్లీహాన్ని తీశాడు. మామూలుకన్నా దాదాపు పదింతలుందది. ఆ తీయడంలో క్లోమం తోక దెబ్బతింది. లోపల చీము పట్టింది. వారాల తరబడి జ్వరం ఎందుకో ఎవరూ తేల్చలేదు. జూన్ చివర్లో ఫ్రెంచి సర్జన్ ఒకడు గాటు పెడితే లీటరుకు పైగా చీము వచ్చింది. కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. జూలై 27న పోయాడు. అరవై ఏళ్లు.

కిటికీలోంచి సముద్రం కనిపించింది. డాల్ఫిన్ నోస్ కొండ. అమ్మ మాటలాపేసి అటే చూస్తూ ఉండిపోయింది. దిగేటప్పుడు దిండు పొట్టకి అదుముకుంది.

ఇంటి దగ్గర ఎదురింటి పిన్నిగారు ఎర్రనీళ్ల పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు. దిష్టి తీస్తుంటే అమ్మ గుమ్మం బయటే ఆగి, నందివర్ధనం కొమ్మని చేత్తో పక్కకి తప్పిస్తూ అడిగింది.

"ఆయన్ని ఇంటికెప్పుడు తీసుకెళ్లారురా?"

షా తండ్రి రెజా షా కూడా ప్రవాసంలోనే పోయాడు, 1944లో, జోహానెస్‌బర్గ్‌లో. ఆయన్నీ మొదట కైరోలోని అల్ రిఫాయీ మసీదులోనే ఉంచారు. తర్వాత కొన్నేళ్లకు ఇరాన్ తీసుకెళ్లి పెద్ద సమాధి కట్టారు. విప్లవం వచ్చాక దాన్ని కూల్చేశారు. కొడుకు అదే అల్ రిఫాయీలో ఉన్నాడు.

ఇదంతా అప్పుడు చెప్పలేదు. "తీసుకెళ్లలేదమ్మా. ఇంకా కైరోలోనే ఉన్నాడు" అన్నాను.

పిన్నిగారు నీళ్లు పారబోయడానికి వీధిలోకి వెళ్లారు. అమ్మ గుమ్మం పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, కుడికాలు లోపల పెట్టింది.