టెండరు పెట్టె నుంచి ఈ-టెండరు దాకా: ప్రభుత్వ పనుల బిడ్డింగ్ చరిత్ర

ప్రభుత్వ శాఖ గానీ, కార్పొరేషన్ గానీ, పంచాయతీ గానీ తనకు కావాల్సిన పనిని ఎంతకు చేస్తారో చెప్పమని బహిరంగంగా అడిగి, అర్హులైనవారిలో అందరికంటే తక్కువ కోరినవారికి ఆ పని అప్పగించే పద్ధతిని టెండరు అంటారు. అమ్మకాల్లో లెక్క తిరగబడుతుంది. అడవిలో బీడీ ఆకు యూనిట్లకు టెండరు పిలిస్తే ఎక్కువ ధర రాసినవారిదే గెలుపు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కాలువలు, రోడ్లు, భవనాల వంటి నిర్మాణ పనుల టెండర్ల గురించి. కాగితపు టెండర్లను వదిలి ఆన్‌లైన్‌కు మారడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరుసలో నిలిచింది. ఆ మార్పు ఎందుకు అవసరమైందో, దేన్ని మార్చిందో, దేన్ని మార్చలేకపోయిందో తెలిస్తే ఈ చరిత్రలో ఎక్కువ భాగం తెలిసినట్టే.

పునాదులు

1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో పబ్లిక్ వర్క్స్ శాఖ స్థిరపడింది. పని నాణ్యత ఎలా ఉండాలి, కొలత ఎలా తీయాలి, కాంట్రాక్టరు బాధ్యతలేమిటి అన్న వివరాలతో ఆ శాఖ రూపొందించుకున్న మద్రాస్ డిటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్ తర్వాత పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఇంజినీర్లు ఏపీడీఎస్ఎస్ అని పిలిచేది దీన్నే.

చట్టపరమైన ఆధారం కూడా పాతదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఎదుటివారు అంగీకరించేలోపు ఎవరైనా తన ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. టెండరు కూడా ఒక ప్రతిపాదనే. ధర రాసి, గెలిచాక గిట్టదని తప్పుకుంటే శాఖ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ బెడద లేకుండా చేయడానికి పుట్టిందే ధరావతు. అందరూ ఈఎండీ అనే ఈ సొమ్మును మాట తప్పినవారు వదులుకోవాలి, ఓడినవారికి తిరిగి ఇచ్చేస్తారు. రాజ్యాంగంలోని 299వ అధికరణ మరో షరతు పెట్టింది: రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందం గవర్నరు పేరు మీదే ఉండాలి. అసిస్టెంట్ ఇంజినీరు నోటిమాటగా చేయించిన పనికి బిల్లు రాక తిరిగే చిన్న కాంట్రాక్టర్ల కష్టాలకు మూలం ఈ నిబంధన దగ్గరే ఉంది.

పని నడిచే తీరు

ముందుగా స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ ప్రకారం అంచనా తయారవుతుంది. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి వచ్చాక టెండరు నోటీసు వెలువడుతుంది. బిడ్ రెండు భాగాలుగా ఉంటుంది. టెక్నికల్ బిడ్‌లో కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ తరగతి, గతంలో చేసిన అలాంటి పనులు, టర్నోవరు, యంత్రాలు చూస్తారు. అందులో నెగ్గినవారి ప్రైస్ బిడ్ మాత్రమే తెరుస్తారు. తక్కువ ధర వేసినవారు ఎల్-1.

తెలుగు రాష్ట్రాల్లో చాలా పనులకు కాంట్రాక్టరు ఒక్క శాతమే రాస్తారు: అంచనా మీద ఇంత లెస్ లేదా ఇంత ఎక్సెస్. పత్రికల్లో కనిపించే "18 శాతం లెస్‌కు దక్కించుకున్నారు" అన్న వాక్యం వెనుక ఉన్నది ఇదే.

అర్హతలో ఎక్కువమంది తడబడేది బిడ్ కెపాసిటీ దగ్గర. ఇటీవలి ఏళ్లలో ఒకే ఏడాదిలో చేసిన గరిష్ఠ పని విలువను, కొత్త పనికి ఇచ్చిన గడువు ఏళ్లతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, అందులోంచి చేతిలో ఉన్న పనుల విలువ తీసేస్తారు. మిగిలింది కొత్త పని అంచనా కంటే ఎక్కువ ఉండాలి. చేతినిండా పనులు పెట్టుకుని ఒక్కటీ పూర్తి చేయనివారిని ఆపడానికి ఇది నిజంగా మంచి కొలమానం. చేతిలో ఉన్న పనులను దాచకుండా చూపించినప్పుడే అది పనిచేస్తుంది.

పెట్టె కాలం

దశాబ్దాల పాటు టెండరు అంటే కార్యాలయంలో తాళం వేసిన పెట్టె. కాంట్రాక్టరు స్వయంగా వెళ్లి షెడ్యూలు అనే టెండరు ఫారం కొనాలి, నింపాలి, గడువులోపు కవరు ఆ పెట్టెలో వేయాలి. పోటీ మొత్తం ఒక గది గుమ్మం మీద ఆధారపడింది. షెడ్యూలు ఎవరెవరు కొన్నారో ఆఫీసు నుంచే బయటికి పొక్కేది. తర్వాత బేరసారాలు, మాట వినకపోతే బెదిరింపులు. కొన్నిచోట్ల పెట్టె దగ్గరికి వెళ్లనివ్వకుండా మనుషులను కాపలా పెట్టేవారు. రాయలసీమలో ముఠా తగాదాలు, కాంట్రాక్టులు ఒకదాన్నొకటి పెంచి పోషించుకున్నాయి.

బలప్రయోగం కంటే ఎక్కువ నష్టం చేసింది రింగు. కాంట్రాక్టర్లు ముందే కూర్చుని ఈ పని ఎవరిదో తేల్చుకుంటారు. మిగిలినవారు తప్పుకుంటారు, లేదా పోటీ ఉన్నట్టు కనిపించేందుకు కావాలనే ఎక్కువ ధర రాస్తారు. తప్పుకున్నందుకు వాటా గానీ తర్వాతి పని గానీ దక్కుతుంది. కాగితం మీద అన్ని టెండర్లూ సక్రమమే. ఆ ఎక్సెస్ భారం మోసేది ఖజానా. వాటాలు పంచగా మిగిలిన సొమ్ముతో కాలువ లైనింగ్ వేస్తే అది నాలుగు వానలకు నిలవదు.

న్యాయస్థానాలు ఈ గుమ్మాన్ని మరోవైపు నుంచి తెరిచాయి. బీడీ ఆకు వ్యాపారాన్ని పాత కాంట్రాక్టర్లకే పరిమితం చేసిన ఒడిశా ప్రభుత్వ పద్ధతిని సుప్రీంకోర్టు 1969లో రాస్‌బిహారీ పండా కేసులో చెల్లదంది. బొంబాయి విమానాశ్రయ రెస్టారెంటుపై వచ్చిన రమణ దయారాం శెట్టి కేసులో 1979లో జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పు మరింత ముఖ్యమైనది. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన అర్హత నిబంధనకు తానే కట్టుబడాలని, కాంట్రాక్టు ఇవ్వడంలో ఇష్టారాజ్యం కుదరదని అది స్పష్టం చేసింది. 1994లో టాటా సెల్యులార్ తీర్పు హద్దు గీసింది. కోర్టు చూసేది నిర్ణయం తీసుకున్న తీరునే. ఎవరికి ఇవ్వాలో తేల్చడం దాని పని కాదు. ఎల్-1తో తప్ప ఇతరులతో ధర బేరం ఆడొద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1998లో ఇచ్చిన ఆదేశం కూడా ఈ క్రమంలోదే.

2003

సమాచార సాంకేతిక చట్టం 2000లో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు భాగస్వామ్యంతో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను ప్రారంభించింది. మొదట కొన్ని శాఖలతో మొదలై క్రమంగా విస్తరించింది. షెడ్యూలు ఎవరు తీసుకున్నారో కార్యాలయంలో ఎవరికీ తెలియదు. గడువు దాటాక వ్యవస్థే బిడ్ తీసుకోదు. కర్నూలులో పనికి విశాఖ నుంచి, గదిలోంచి కదలకుండా, బిడ్ వేయవచ్చు. పెట్టె దగ్గర కాపలా కాసిన మనుషులకు ఇక చేసేదేమీ మిగల్లేదు. ఈ రాష్ట్రంలో జరిగిన పాలనా సంస్కరణల్లో దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

అదే ఏడాది జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94 టెండరు నిబంధనలను ఒక తీరుకు తెచ్చింది. అంచనాపై 5 శాతం మించిన ఎక్సెస్‌కు తావు లేకుండా చేసింది. 25 శాతం కంటే ఎక్కువ లెస్‌కు వేస్తే 25 శాతం దాటిన తేడా మొత్తాన్ని అదనపు డిపాజిట్‌గా కట్టాలంది. మొదటిది రింగుకు కళ్లెం. రెండోది పోటీ పెరగడంతో వచ్చిన కొత్త జబ్బుకు మందు: పని దక్కితే చాలని గిట్టని ధరకు వేసి, మధ్యలో వదిలేసేవారు ఎక్కువయ్యారు.

ఆన్‌లైన్ టెండర్ల ఫలితాన్ని ఆర్థికవేత్తలు కొలిచారు. భారతదేశంలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లనూ, ఇండోనేషియా పనులనూ పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ధరలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. కానీ బయటి ప్రాంతాల కాంట్రాక్టర్లు గెలవడం పెరిగింది, భారత్‌లో రోడ్ల నాణ్యత మెరుగుపడింది. ఈ-టెండరును మిగిలిన డబ్బుతోనే లెక్కించే అలవాటు మన ప్రభుత్వాలకు ఉంది. కొలవాల్సింది రోడ్డును కూడా.

తర్వాతి మలుపులు

2004 తర్వాత జలయజ్ఞం అనే నీటిపారుదల కార్యక్రమం కింద భారీ ప్రాజెక్టులకు ఈపీసీ పద్ధతి వచ్చింది. సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ ఒకే సంస్థకు ఏకమొత్తానికి. సర్వే పూర్తికాకముందే పనులు అప్పగించడం, భూసేకరణ తేలకపోవడం వంటి లోపాలను కాగ్ నివేదిక ఎత్తిచూపింది. అర్హత గీత పెద్ద సంస్థలకే అందేంత ఎత్తులో ఉండడంతో చిన్న కాంట్రాక్టర్లు సబ్ కాంట్రాక్టులకు పరిమితమయ్యారు. పెట్టె దగ్గర జరిగే పోరు ఇప్పుడు నోటీసులో అర్హత షరతులు రాసే చోటికి మారింది. ఏ వెబ్‌సైటూ దాన్ని పట్టుకోలేదు.

కుమ్మక్కును ఇప్పుడు 2002 నాటి పోటీ చట్టం నేరుగా నిషేధిస్తోంది. భారత ఆహార సంస్థకు నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే మాత్రలు సరఫరా చేసే కంపెనీలు ఒకే ధర రాసిన కేసులో కుమ్మక్కు జరిగిందన్న నిర్ధారణను సుప్రీంకోర్టు 2017లో సమర్థించింది. వందల పేజీల బిడ్లలో ఒకే అంకె కనిపిస్తే దాన్ని కాకతాళీయమని నమ్మించడం ఇక కష్టం.

2019లో ఆంధ్రప్రదేశ్ రెండు మార్పులు తెచ్చింది. 100 కోట్లు, అంతకు మించిన మౌలిక సదుపాయాల పనులకు టెండరు పిలవకముందే పత్రాలను న్యాయమూర్తి పరిశీలించేలా చట్టం చేసింది. షరతులు రాసే చోటే తనిఖీ పెట్టిన చర్య ఇది. రెండోది రివర్స్ టెండరు: ప్రైస్ బిడ్లు తెరిచాక తక్కువ ధర నుంచి ఆన్‌లైన్‌లో ఇంకా కిందికి వేలం నడిచేది. ఆ సెప్టెంబరులో పోలవరం హెడ్‌వర్క్స్, జలవిద్యుత్ పనులకు ఇలా పిలిస్తే ఒక్క సంస్థే బిడ్ వేసింది. అంచనాపై 12.6 శాతం లెస్‌కు పని దక్కించుకుంది. 628 కోట్లు మిగిలాయని ప్రభుత్వం ప్రకటించింది. తగ్గింపు నిజమే, కానీ పోటీదారు లేని వేలంలో అసలు ధర ఎంత ఉండాల్సిందో ఎవరూ చెప్పలేరు. 2024లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండరును రద్దు చేసి పాత పద్ధతికి మళ్లారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు వేర్వేరు ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలు నడుపుతున్నాయి. కేంద్ర శాఖల కొనుగోళ్లలో చాలా భాగం 2016లో మొదలైన జెమ్ (గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్) వేదిక మీద జరుగుతోంది.