పరీక్ష కాగితాల వెనుక

మా ఊరి కళాశాలలో చాలాకాలం ఇంగ్లీషు చెప్పిన మాస్టారొకరు పోయాక, ఆయన గదిలోని కాగితాలన్నీ కిలోల లెక్కన పాతపేపర్ల బండికి వెళ్ళిపోయాయి. నేను పరామర్శకు వెళ్ళేసరికి నాలుగు రోజులు ఆలస్యమైంది. "ఏవో రాసుకునేవారు నాయనా, పరీక్ష పేపర్ల వెనకాల. మాకేం తెలుస్తుంది?" అన్నారు వారి భార్య. ఆవిడను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇల్లు ఖాళీ చెయ్యాలి, పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. కానీ ఆ "పరీక్ష పేపర్ల వెనకాల" అన్న మాట మాత్రం నన్ను వదలలేదు. అలాగే పరీక్ష కాగితాల వెనుక రాసుకున్న మరొక ఇంగ్లీషు ఆచార్యుడు నాకప్పుడు గుర్తుకొచ్చాడు. ఆయన కాగితాలకు పట్టిన అదృష్టం వేరు.

ఆయన జె. ఆర్. ఆర్. టోల్కీన్. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలు వచ్చాక ఆ పేరు మనవాళ్ళకూ పరిచయమే. అయితే ఆయన వృత్తి నవలారచన కాదు. 1925 నుంచి 1945 వరకు ఆక్స్‌ఫర్డులో ఆంగ్లో-శాక్సన్ భాషకు ఆచార్యుడు, ఆపైన 1959లో పదవీ విరమణ చేసేదాకా మెర్టన్ కళాశాల పీఠంలో ఇంగ్లీషు భాషాసాహిత్యాల ఆచార్యుడు. మొదటి ప్రపంచయుద్ధం ముగియగానే కొంతకాలం ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు కార్యాలయంలో పనిచేసి, 'డబ్ల్యు' అక్షరంతో మొదలయ్యే మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వినవాడు. ఒక మాట ఎక్కడినుంచి వచ్చిందో తేలేవరకు నిద్రపట్టని జాతి మనిషి. (మనలోనూ ఆ జాతివారు కొందరున్నారు. వారి ఇంటివారి ఓర్పుకు నా నమస్కారాలు.)

నలుగురు పిల్లల సంసారం. జీతం చాలక వేసవి సెలవుల్లో బడిపిల్లల పరీక్ష పత్రాలు దిద్దేవాడు. ఒకనాడు ఏ విద్యార్థో ఖాళీగా వదిలేసిన పుట ఎదురైతే, దానిమీద ఏమీ ఆలోచించకుండా ఒక వాక్యం రాశాడు. 1937లో అచ్చయిన 'హాబిట్' ఆ వాక్యంతోనే మొదలవుతుంది. రెండవ ప్రపంచయుద్ధపు రోజుల్లో కాగితం కరువై, పెద్ద నవల చిత్తుప్రతుల్లో చాలాభాగం వాడేసిన పరీక్ష కాగితాల వెనుకనే సాగింది. ముందు పెన్సిలుతో గబగబా రాయడం, తరువాత దానిమీదే సిరాతో దిద్దిరాయడం ఆయన అలవాటు. కాబట్టి కొన్నిచోట్ల అడుగునున్న మొదటి రూపం చదవడం ఎవరి తరమూ కాదు. మన తాళపత్రాల మీద పనిచేసినవారికి ఈ బాధ తెలుసు.

ఈ కాగితాల్లో ఒక పెద్ద భాగం ఆయన బతికుండగానే సముద్రం దాటింది. అమెరికాలో మిల్వాకీ నగరంలోని మార్కెట్ విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి విలియం రెడీ, 1957లో హాబిట్, లార్డ్ ఆఫ్ ది రింగ్స్, మరి రెండు చిన్న పుస్తకాల రాతప్రతులను 1,500 పౌన్లకు కొన్నాడు. నవల వచ్చి రెండేళ్ళే అయింది, ఇంకా పిచ్చి అభిమానం మొదలుకాలేదు. విరమణకు రెండేళ్ళ దూరంలో ఉన్న ఆచార్యుడికి ఆ సొమ్ము ఊరటే. అయితే అటక మీదినుంచి, సొరుగులనుంచి తీసి పంపేటప్పుడు కొన్ని పత్రాలు ఇక్కడే మిగిలిపోయాయి. ఒకే అధ్యాయం చిత్తుప్రతిలో సగం అమెరికాలో, సగం ఆక్స్‌ఫర్డులో. ఈ చిక్కు ముప్పై ఏళ్ళ తరువాత ఆయన కొడుకు మెడకు చుట్టుకుంది.

విరమణతో కళాశాలలో ఆయన గది పోయింది. పుస్తకాలు ఎక్కడ పెట్టుకోవాలి? శాండ్‌ఫీల్డ్ రోడ్డులోని ఇంట్లో కారు లేని కారు షెడ్డు ఒకటుంది. దాన్నే రాతగదిగా, గ్రంథాలయంగా మార్చుకున్నాడు. ఇక తీరికే తీరిక, జీవితమంతా వెనుకకు నెట్టిన పని పూర్తిచేయవచ్చు అనుకున్నాడు.

ఆ పని పేరు 'సిల్మరిలియన్'. 1916లో సొమ్ యుద్ధరంగంలో కందకాల జ్వరం తగిలి ఇంగ్లండుకు చేరిన ఇరవై నాలుగేళ్ళ యువకుడు, ఆసుపత్రిలో మొదలుపెట్టిన పురాణం అది. దేవతలు, ఎల్ఫులు, సృష్టి, పతనం. మనకు అష్టాదశ పురాణాలున్నాయి కాబట్టి ఒక మనిషి కూర్చుని తన దేశానికి పురాణం అల్లడమేమిటని నవ్వు రావచ్చు. కానీ తన ఇంగ్లండుకు సొంత పురాణగాథలు లేవన్నది ఆయన నిజమైన దిగులు. 1937లో ప్రచురణకర్తలకు ఆ కాగితాలు చూపిస్తే వారు ఒప్పుకోలేదు, హాబిట్‌కు కొనసాగింపు కావాలన్నారు. ఆ కొనసాగింపే పదిహేడేళ్ళు తిన్నది.

మరి విరమణ తరువాత ఎందుకు పూర్తికాలేదు? ఉత్తరాలొక కారణం. 1965లో అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ అనుమతి లేకుండా నవలను 75 సెంట్ల చౌకప్రతులుగా వేసింది. దానితో వచ్చిన గొడవ నవలను కళాశాల కుర్రకారులోకి దావానలంలా తీసుకుపోయింది. ఉత్తరాల బస్తాలు వచ్చిపడ్డాయి. అక్కడ సాయంత్రమైతే ఇక్కడ తెల్లవారుజామని గుర్తులేని అభిమానులు మూడు గంటలకు ఫోను మోగించేవారు. బాకీపడిన పాండిత్యపు పని మరొక కారణం. ఎప్పుడో ముప్పైలలో ఒప్పుకున్న 'ఆంక్రెనె విస్సె' అనే మధ్యయుగపు గ్రంథ పరిష్కరణ 1962కు గాని వెలువడలేదు.

కానీ అసలు కారణం ఇవేవీ కావని నా అభిప్రాయం. ఆ షెడ్డులో కూర్చుని ఆయన తన పురాణానికి తానే పూర్వపక్షం చేయడం మొదలుపెట్టాడు. సూర్యచంద్రులు రెండు మహావృక్షాల చివరి ఫలపుష్పాలనుంచి పుట్టారని యువకుడిగా రాశాడు. భూమి మొదట బల్లపరుపుగా ఉండేదని రాశాడు. డెబ్బయ్యో పడికి దగ్గరవుతున్నప్పుడు, ఖగోళశాస్త్రం తెలిసిన లోకం దీన్ని నమ్ముతుందా అనే సందేహం పట్టుకుంది. పునాదులు పెకలించి మళ్ళీ కట్టాలనుకున్నాడు. అయితే ఆ వృక్షాల కథ తీసేస్తే మొత్తం గోపురం కూలుతుంది. వ్యాసం మీద వ్యాసం, వంశవృక్షం మీద వంశవృక్షం, ఒక పేరుకు నాలుగు వ్యుత్పత్తులు. కథ మాత్రం కదలదు. 1966 వేసవిలో క్లైడ్ కిల్బీ అనే అమెరికన్ ఆచార్యుడు సాయం చేద్దామని వచ్చి, ఆ కాగితాల గుట్ట చూసి, పని ముందుకు జరగకుండానే వెళ్ళాడు. ఆచార్యుడు ఒంటరిగా పేకముక్కలాడుకుంటూ గంటలు గడిపేవాడట. వార్తాపత్రికలోని గళ్ళనుడికట్టు నింపుతూ దాని అంచులనిండా రంగురంగుల లతలు గీసేవాడు. ఆ పత్రికలూ ఇప్పుడు ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయంలో భద్రం!

1968 జూన్‌లో బోర్న్‌మత్ అనే సముద్రతీరపు ఊరికి మారబోతూ మెట్లమీద జారిపడి కాలు దెబ్బతీసుకున్నాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగా సామాను ఇతరులు సర్దారు. కాగితాల క్రమం చెదిరింది. ఆ ఊరు ఆయనకు నచ్చలేదు, మాట్లాడుకునే మనుషులు లేరు. భార్య ఎడిత్ కోసం వెళ్ళాడు. ఆచార్యుల భార్యల మధ్య జీవితమంతా బెరుకుగా గడిపిన ఆవిడకు అక్కడ స్నేహితులు దొరికారు. రాయవలసిన పుస్తకం కంటే ఆవిడ సంతోషానికి ముందు చోటిచ్చాడని చదివినప్పుడు, ఈ ఒక్క విషయంలో ఆయనమీద నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది. 1971 నవంబరు 29న ఆవిడ పోయింది. మెర్టన్ కళాశాల ఆయనను వెనక్కు పిలిచి మెర్టన్ వీధిలో గదులిచ్చింది. 1972లో ఆక్స్‌ఫర్డు గౌరవ డాక్టరేటు ఇచ్చినప్పుడు నవలలకు కాక భాషాశాస్త్ర కృషికి ఇచ్చింది. 1973 సెప్టెంబరు 2న, 81వ ఏట మరణించాడు. సిల్మరిలియన్ అచ్చుకాలేదు.

వీలునామాలో తన అముద్రిత రచనలను మూడవ కొడుకు క్రిస్టఫర్‌కు అప్పగించాడు. ప్రచురించవచ్చు, మార్చవచ్చు, పూర్తిచేయవచ్చు, కావాలంటే తగలబెట్టవచ్చు. ఒక కొడుకు మీద ఇంతటి భారం పెట్టడం న్యాయమా అని నాకిప్పటికీ సందేహమే. క్రిస్టఫర్ మాత్రం అందుకు తగినవాడు. యుద్ధకాలంలో వైమానికదళ శిక్షణకై దక్షిణాఫ్రికాలో ఉండగా తండ్రి నవల అధ్యాయాలను తపాలాలో పంపితే చదివినవాడు. నవలలోని పటాలు గీసినవాడు. తానూ ఆక్స్‌ఫర్డులో పాత ఇంగ్లీషు చెప్పినవాడు. 1975లో ఉద్యోగం వదిలేశాడు. గై గావ్రియల్ కే అనే కెనడా విద్యార్థి సాయంతో పరస్పర విరుద్ధమైన ప్రతులనుంచి ఒకే పాఠం అల్లి 1977లో సిల్మరిలియన్‌ను వెలువరించాడు.

ఇక్కడ మన బ్రౌన్ దొర గుర్తుకు రాక మానడు. ఊరూరా ప్రతులు సేకరించి, పండితులచేత సరిచూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేసినప్పుడు ఆయనకు ఎదురైన ప్రశ్నే ఇది: పది ప్రతులు పది రకాలుగా ఉంటే ఏది కవి మాట? క్రిస్టఫర్‌కు మరో చిక్కు కూడా ఉంది. అన్ని ప్రతులూ ఒకే కవి స్వహస్తంతో రాసినవే!

ఒకచోట తండ్రి ముప్పైల తరువాత ఆ కథ ముట్టుకోనేలేదు. డోరియాత్ రాజ్యం నాశనమయ్యే ఘట్టమది. మిగిలిన కథతో అది పొసగకపోవడంతో ఆ అధ్యాయాన్ని కొడుకే చాలావరకు కల్పించవలసివచ్చింది. చదివిన లక్షలమందికి ఆ సంగతి తెలియదు. 1994లో ఆయనే అచ్చులో చెప్పాడు, అక్కడ పరిష్కర్త హద్దు దాటానేమోనని. ఎవరూ అడగలేదు, నిలదీయలేదు. పరిష్కర్తలనేవారు ఇలా ఒప్పుకోవడం నేను చాలా అరుదుగా చూశాను.

బహుశా ఆ బాధే ఆయనను మిగిలిన పనికి పురికొల్పి ఉంటుంది. 1983 నుంచి 1996 వరకు పన్నెండు సంపుటాల్లో తండ్రి చిత్తుప్రతులను ఉన్నవి ఉన్నట్టుగా, కొట్టివేతలతో, పాఠాంతరాలతో, తన వ్యాఖ్యతో అచ్చువేశాడు. ఇందుకోసం మార్కెట్ నుంచి నకళ్ళు తెప్పించుకుని, తన దగ్గరున్న ముక్కలతో జతచేసి, ఏ కాగితం వెనుక ఏ కాగితం వస్తుందో తేల్చి, ఆ తరువాత తన దగ్గర మిగిలిపోయిన అసలు పత్రాలను కూడా అమెరికాకే పంపేశాడు. ఇప్పుడా నవల రాతప్రతి ఒకచోటనే ఉంది. 1926లో పూర్తయి సొరుగులో ఉండిపోయిన బేవుల్ఫ్ అనువాదం 2014లో వచ్చింది. ఆయన చేపట్టి సగంలో వదిలిన చాసర్ సంకలనం గురించి జాన్ బవర్స్ అనే పండితుడు 2019లో ఒక పుస్తకమే రాశాడు.

2018లో క్రిస్టఫర్ 'ఫాల్ ఆఫ్ గొండోలిన్' వెలువరించి, ఇదే చివరిదని ముందుమాటలో రాశాడు. అప్పటికి ఆయనకు తొంభై మూడేళ్ళు. 2020 జనవరి 16న ఫ్రాన్సులో పోయాడు. గొండోలిన్ పతనం, సొమ్ నుంచి వచ్చిన ఆ యువకుడు ఆసుపత్రి మంచంమీద రాసుకున్న కథ. ఆ పురాణంలో అన్నిటికంటే ముందు రాసిన కథ అదే.