పిల్లి దాటినా చాలు

సినిమా రక్తపిశాచికి తెలిసిన దారి ఒక్కటే. మెడ మీద కోరలు దిగాలి, కాటు తిన్నవాళ్లు చచ్చి మళ్లీ కోరలతో లేవాలి. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాక్యులా', దాని వెంట వచ్చిన సినిమాలు కలిసి ఈ లెక్కను లోకమంతా ఖాయం చేశాయి. కానీ ఆ కథలకు పుట్టిల్లయిన సెర్బియా, రుమేనియా పల్లెల్ని అడిగితే కాటుతో పనే లేని దారులు బోలెడు చెబుతాయి. వాటిలో చాలావాటికి చచ్చినవాడి తప్పు వీసమెత్తు కూడా ఉండదు.

శవం ఇంట్లో ఉండగా దాని మీదుగా పిల్లి దూకితే చాలు, ఆ మనిషి పిశాచమై లేస్తాడు. కొన్నిచోట్ల కోడి దాటినా అంతే. మన ఇళ్లలోనూ తల దగ్గర దీపం పెట్టి, శవాన్ని ఒంటరిగా వదలకుండా తెల్లవార్లూ కూర్చుంటారు కదా. అక్కడ కూర్చున్నవాళ్లు ఒక కన్ను పిల్లి మీద కూడా వేసి ఉంచాలి. కొవ్వొత్తి వెలిగించకముందే ప్రాణం పోయినా ప్రమాదమే. ఉరేసుకున్నవాళ్లు, బాప్తిస్మం కాకుండానే పోయిన పసిగుడ్లు సరేసరి. రుమేనియాలో వరసగా ఏడుగురూ మగపిల్లలో, ఏడుగురూ ఆడపిల్లలో పుడితే ఏడో బిడ్డ మీద అనుమానం. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఉప్పు మానేసినా దోషం బిడ్డకే. గ్రీసులో చర్చి వెలివేసినవాడి శవం మట్టిలో కలవదని నమ్మేవారు. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త టూర్న్‌ఫోర్ మికొనోస్ దీవిలో ఉండగా ఊరంతా కలిసి ఒక రైతు శవాన్ని తవ్వి తీసి, చివరికి 1701 జనవరి 1న తగలబెట్టింది. ఆ రైతు బతికుండగా ముభావి, కయ్యాలమారి అని ఆయన రాశాడు. ఊళ్లో ఎవరితోనూ పడనివాడు చచ్చాక మాత్రం ఊరుకుంటాడా!

అయితే ముందే జాగ్రత్తపడే ఉపాయాలూ ఉన్నాయి. బాల్టిక్ తీరంలోని కషూబియన్లు, తల మీద ఉమ్మనీటి సంచి పొరతో పుట్టిన బిడ్డ పెద్దయి చచ్చాక పిశాచమవుతుందని భయపడేవారు. ఆ పొరను పారేయకుండా ఎండబెట్టి దాచి, బిడ్డకు ఏడేళ్లు రాగానే కాల్చి, ఆ బూడిదను తాగించేవారు. అక్కడితో దోషం తీరిపోయినట్టే.

ఇవన్నీ నోటిమాట నమ్మకాలు. వీటికి సర్కారు కాగితం మీద సాక్ష్యం దొరికిన ఊరు మెద్వెజా. 1718లో ఉత్తర సెర్బియా ఒట్టోమన్ల చేతి నుంచి ఆస్ట్రియా చేతికి వచ్చింది. మొరావా నది ఒడ్డున, సరిహద్దు కాపలా కాసే హైదుక్కుల ఊరది. 1731లో అక్కడ మూడు నెలల్లో పదిహేడు మంది పోయారు. ముందు గ్లాజర్ అనే వైద్యుడు వెళ్లాడు. అంటురోగమేదీ కనబడలేదు, తిండి చాలక, కఠినమైన ఉపవాసాలతో జనం చిక్కిపోయారన్నాడు. జనం ఒప్పుకుంటేగా. రాత్రిళ్లు రెండు మూడు కుటుంబాలు ఒకే ఇంట్లో చేరి, సగం మంది పడుకుంటే సగం మంది కాపలా కూర్చునేవారు. పిశాచాల సంగతి తేల్చకపోతే ఊరే ఖాళీ చేస్తామన్నారు. సరిహద్దు ఊరు ఖాళీ అయితే కాపలా ఎవరు కాస్తారు? 1732 జనవరిలో సైనిక వైద్యుడు యోహాన్ ఫ్లూకింగర్ కత్తులు సర్దుకుని బయల్దేరాడు.

ఊరివాళ్లు ఆయనకు చెప్పిన కథ అయిదేళ్ల కిందటిది. ఆర్నాల్డ్ పావ్లె అనే హైదుక్కు గడ్డిబండి మీంచి పడి మెడ విరిగి చనిపోయాడు. తురకల ఏలుబడిలోని సెర్బియాలో ఉన్నప్పుడు తననొక పిశాచం పీడించిందని, దాని సమాధి మట్టి తిని, దాని రక్తం ఒంటికి పూసుకుని బయటపడ్డానని బతికుండగా తరచూ చెప్పేవాడట. అతను పోయిన ఇరవై ముప్ఫై రోజులకు పీడిస్తున్నాడని గోల మొదలైంది, నలుగురు చనిపోయారు. నలభయ్యో రోజున తవ్వి చూస్తే శవం చెడలేదు, ముక్కునోళ్ల నుంచి రక్తం కారుతోంది. గుండెలో మేకు దించితే మూలిగింది. కాల్చేశారు. ఆ నలుగురికీ అదే శాస్తి చేశారు. కానీ పావ్లె పశువుల్ని కూడా పీల్చాడట. ఆ మాంసం తిన్నవాళ్లే ఇప్పుడు ఇలా అవుతున్నారని ఊరి వాదన.

ఫ్లూకింగర్ ఒక్కొక్క సమాధే తవ్వించి, శవాలు కోసి, చూసింది చూసినట్టు రాశాడు. మిలిత్సాకు అరవై ఏళ్లు. పిశాచాలు చంపిన గొర్రెల మాంసం తిన్నదన్నది ఆమె మీద నేరం. జీవితమంతా ఎండుపుల్లలా ఉన్న మనిషి సమాధిలో ఒళ్లు చేసిందని, ఎరిగినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఇరవై ఏళ్ల స్టానా కాన్పులో పోయింది. పిశాచాల నుంచి కాపాడుకోవడానికి తానూ రక్తం పూసుకున్నానని చచ్చే ముందు చెప్పింది కాబట్టి ఆమే కాదు, పుట్టగానే పోయిన ఆమె బిడ్డ కూడా పిశాచమే అన్నారు. బిడ్డను సరిగా పూడ్చలేదు, సగం కుక్కలు తినేశాయి. ఇంత దారుణం ఫ్లూకింగర్ కాగితంలో ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. కుళ్లిన శవాల్ని తిరిగి పూడ్చారు. కుళ్లనివాటి తలలు నరికి, కాల్చి, బూడిద మొరావాలో కలిపారు.

ఈ గుర్తుల గుట్టు విప్పుతూ 1988లో పాల్ బార్బర్ ఒక పుస్తకమే రాశాడు. లోపల వాయువులు చేరితే శవం ఉబ్బుతుంది, బక్కమనిషి లావైనట్టు కనబడుతుంది. ఆ ఒత్తిడికి ఎర్రటి ద్రవం నోట్లోంచి, ముక్కులోంచి తన్నుకొస్తుంది. పైచర్మం ఊడితే కింద కొత్త తోలులా మెరుస్తుంది. ఛాతీలో మేకు దించితే గొంతులోంచి గాలి తోసుకొచ్చి మూలిగినట్టు వినిపిస్తుంది. చలికాలపు మట్టిలో కుళ్లడం ఎటూ ఆలస్యమే. హైదుక్కుల కళ్లు మోసపోలేదు, ఉన్నదే చూశారు. చిక్కంతా దాన్ని అర్థం చేసుకున్న తీరులో ఉంది.

ఆ అర్థంలో ఒక కిటుకుంది. పావ్లె సమాధి మట్టి తిన్నది విరుగుడుగా. స్టానా రక్తం పూసుకున్నదీ అందుకే. విరుగుడు పనిచేస్తే పిశాచం వదిలినట్టు, మనిషి పోతే పిశాచమైనట్టు. ఎటు తిరిగినా నమ్మకం ఓడిపోదు. చావుల వెనక కారణం తెలియనప్పుడు ఎవరో ఒకరి పేరు కావాలి. ఎదురుచెప్పలేని పేరు చచ్చినవాడిది.

ఫ్లూకింగర్ నివేదిక యూరప్ పత్రికలకెక్కింది, పండితులు పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. 1755లో మరియా థెరీసా మహారాణి తన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహాతో సమాధులు తవ్వడం, శవాలు కాల్చడం నిషేధించింది. చట్టం ఊళ్లదాకా చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

2004లో రుమేనియాలోని మరొతిను దె సుస్ అనే పల్లెలో, చనిపోయిన ఒక పెద్దాయన రాత్రిళ్లు వచ్చి పీడిస్తున్నాడని చుట్టాలు సమాధి తవ్వారు. గుండె తీసి, కాల్చి, ఆ బూడిద నీళ్లలో కలిపి జబ్బుపడ్డ అమ్మాయికి తాగించారు. శవాన్ని కదిపారని పోలీసులు కేసు పెట్టారు. అమ్మాయికి నయమైందని, ఇందులో నేరమేముందని చుట్టాలు విలేకరుల్ని ఎదురడిగారు.