మోటార్‌ఖానా నుంచి గోడౌన్ దాకా

మమ్మల్ని తిట్టేవాళ్లకి మా గురించి రెండే రెండు మాటలు తెలుసు. ఒకటి, మేం నవాబుల సంతతి. రెండోది, మేం పంక్చర్లు వేసుకు బతికేవాళ్లం. ఈ రెండూ ఒకే నోటి నుంచి, ఒక్కోసారి ఒకే పూట వస్తాయి. నవాబులమైతే పంక్చర్లు ఎందుకు వేసుకుంటాం? పంక్చర్లు వేసుకునేవాళ్లమే అయితే మేం దాచుకున్న ఆ జాగీర్లెక్కడ? అడిగితే జవాబుండదు. కానీ ఈ రెండు తిట్ల మధ్య దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. అందులో మా ఇల్లు కూడా ఉంది. మా భాయ్ కొడుకు రెండేళ్ల కింద ఆ పాడుబడ్డ గోడౌన్‌ని కిరాయికి తీసుకోకపోతే మేం దీన్ని రాసేవాళ్లం కాదేమో.

గోడౌన్ హైదరాబాదులో ఆజమాబాద్ పారిశ్రామికవాడకి దగ్గర్లో, ముషీరాబాద్ వైపు పోయే ఒక సందులో ఉంది. నిజాం కాలంలో వెలసిన వాడ అది. చార్మినార్ సిగరెట్లు చేసిన వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ అక్కడిదే. కాస్త దూరంలో బస్ భవన్. గోడౌన్ ఎన్నేళ్లుగా మూతపడి ఉందో సందులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. షట్టర్ తుప్పుపట్టి సగం దాకానే లేచింది. వంగి లోపలికి పోతే పావురాల రెట్ట, తడిసి గట్టిపడిన గోనెసంచులు, పైన పగిలిన సిమెంటు రేకులు, కింద కుంగిపోయిన షాబాదు బండలు. మాకు గుండె జారింది. మా అబ్బాయి మాత్రం నవ్వుతున్నాడు. "చిచ్చా, ఎత్తు చూడు, పదహారు అడుగులు. లిఫ్ట్ పెట్టినా తగలదు" అన్నాడు.

వాడు పెట్టాలనుకున్నది కార్ డీటెయిలింగ్ షాపు. ఈ మాట మాకూ కొత్తే. కడగడం కాదు, పెయింటింగూ కాదు. బండి ఒంటిమీద ఎండా, దుమ్మూ, ఉప్పునీళ్లూ చేసిన గీతల్ని పాలిష్‌తో తీసి, పైన కోటింగ్ వేసి, లోపల సీట్ల కుట్లలో మట్టి దాకా దులిపి కొత్తదానిలా చేయడం. వీడు షార్జాలో నాలుగేళ్లు ఈ పని చేసి వచ్చాడు. అక్కడ నేర్చుకున్న విద్య అని వాడంటాడు. కాదు, ఇంట్లో ఉన్నదే అక్కడ ఇంగ్లీషు పేరు పెట్టుకుందని మా అబ్బా అంటారు.

అబ్బా మాటలో నిజముంది. దానికోసం కొంచెం వెనక్కి పోవాలి.

హైదరాబాద్ రాజ్యంలో మోటారు కారు ముందు దర్బారు వస్తువు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ రోల్స్‌రాయిస్ కంపెనీకి ఒక సిల్వర్ ఘోస్ట్ ఆర్డరిచ్చాడు. పసుపు రంగు బండి, వెనక సింహాసనం లాంటి సీటు. అది వచ్చేలోపే, 1911లో, ఆయన పోయాడు. ఏడో నిజాం దాన్ని ఊరేగింపులకే వాడాడు. ఇప్పుడది చౌమహల్లాలో అద్దాల వెనక ఉంది, జనం ఫోటోలు తీసుకుంటారు. నిజామే కాదు, పాయిగా నవాబులు, జాగీర్దార్లు, సాహుకార్లు అందరూ బండ్లు కొన్నారు. ఏనుగులకి ఫీల్‌ఖానా ఉన్నట్టు (ఆ పేరు బేగంబజార్ దగ్గర ఇవాళ్టికీ ఉంది), గుర్రబ్బండ్లకి బగ్గీఖానా ఉన్నట్టు, కార్లకి మోటార్‌ఖానా వచ్చింది.

బండి నవాబుది. కానీ బండి కిందికి దూరి నూనె మరకలు మీద పోసుకున్నది ఎవరు? చరిత్ర పుస్తకాల్లో కారు ఫోటో ఉంటుంది, కారులో కూర్చున్నాయన పేరుంటుంది, బానెట్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడి పేరుండదు. మా దాదా ఆ నిలబడ్డవాళ్లలో ఒకడు. ఒక జాగీర్దారు మోటార్‌ఖానాలో ముందు బండి తుడిచే పిల్లాడు, తర్వాత డ్రైవర్, చివరికి మిస్త్రీ. నెల జీతం, రెండు పూటల తిండి, ఈద్‌కి ఒక జత బట్టలు. నవాబుల సంతతి అంటే ఇదీ మా సంతతి.

సామాన్యులకి మోటారు 1932లో వచ్చింది. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టారు. ఇప్పటి ఆర్టీసీకి అదే తల్లివేరు. బస్సులు పెరిగేకొద్దీ వర్క్‌షాపుల్లో పనివాళ్లూ పెరిగారు. ముస్లింలు, దళితులు, బీసీ కులాలవాళ్లు ఒకే ఇంజన్ మీద వంగి నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ సైతం ఉర్దూలోనే చెప్పారు, సాంకేతిక పదాలకి తర్జుమా శాఖవాళ్లు అరబ్బీ, పార్సీల నుంచి మాటలు పుట్టించారు. మిస్త్రీలకి మాత్రం ఆ మాటలు పట్టలేదు. వాళ్ల భాష వాళ్లు చేసుకున్నారు. వేల్స్‌లో స్టెప్నీ అనే వీధిలో 1904 ప్రాంతంలో అదనపు చక్రం తయారుచేశారు. ఆ వీధి పేరు అక్కడ చక్రానికి ఎప్పుడో పోయింది, మన దగ్గర ఇంకా స్టెప్నీయే. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920లలో డూకో అనే రంగు తెచ్చింది. అంతవరకు బండికి వేసిన రంగు ఆరడానికి వారాలు పట్టేది, డూకో గంటల్లో ఆరేది. కంపెనీ రంగులు ఎన్ని మారినా మన సందుల్లో గోడల మీద ఇప్పటికీ 'డూకో పెయింటింగ్' అనే రాస్తారు. భాష గురించి పండితులు కొట్లాడుకుంటుంటే మిస్త్రీ దాన్ని వాడుకుని బతికించాడు.

1948 సెప్టెంబర్ గురించి ఇక్కడ పెద్దగా రాయం, అది వేరే వ్యాసం. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. సైనిక చర్య తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగింది కూడా నిజం. పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికని దశాబ్దాల పాటు బయటికి రానీయలేదు. కానీ చావు తప్పినవాళ్ల బతుకేమయింది? 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. రద్దవ్వాల్సిందే, జాగీర్దారీ కోసం మేం కన్నీళ్లు పెట్టుకోం. జాగీర్దారుకి నష్టపరిహారం వచ్చింది. ఆయన మోటార్‌ఖానా మిస్త్రీకి ఏం రాలేదు. ఆయన ఫైల్లో లేడు. ఉర్దూ చదువుతో గుమాస్తా పని దొరికే తలుపు కూడా అప్పుడే మూసుకుంది. మా దాదా పానాలూ, పేచ్‌కస్‌లూ ఒక గోనెసంచిలో కట్టుకుని ముషీరాబాద్‌లో వేపచెట్టు కింద కూర్చున్నాడు. నవాబు ఇంటి నుంచి చెట్టు కిందికి రావడానికి మాకు ఏడాది చాలింది.

చెట్టు కింది నుంచే ఒక బడి పుట్టింది. ఉస్తాద్, శాగిర్ద్ - అంతే. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, సెలవు లేదు. చోటూగా చేరినవాడు ముందు చాయ్ తేవాలి, తర్వాత పానా నంబరు వినగానే అందించాలి, ఆ తర్వాతే నట్టు ముట్టుకోవాలి. దెబ్బలు కూడా తిన్నారు. చదువుకోవాల్సిన వయసు అక్కడ కరిగిపోయింది. దీన్ని మేం గొప్పగా చెప్పుకోం. మా అబ్బా అలా చేరి, ఇంజన్ వదిలి డెంటింగ్-పెయింటింగ్ వైపు పోయారు. అంబాసిడర్ డోరు మీద లప్పం పెట్టి, రేగుమాలుతో నీళ్లు పోస్తూ రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి ఎత్తుపల్లాలు చెప్పేవారు. మేం బి.ఏ. చదివి పత్రికల్లో పడ్డాం, ఉర్దూలో సగం, తెలుగులో సగం రాసుకుంటూ. ఆ అరచెయ్యి మాకు రాలేదు.

1973 తర్వాత చమురు దేశాలు పిలిచాయి. మిస్త్రీలు, డ్రైవర్లు, పెయింటర్లు పోయారు. ఊళ్లో మిగిలినవాళ్ల మీదికి 1983 చివర్లో మారుతి 800 వచ్చింది. మొదట్లో అది వరమే, బండ్లు పెరిగాయి. 2000 తర్వాత పొగ నిబంధనలు బిగిసేకొద్దీ కార్బురేటర్ పోయి కంప్యూటర్‌తో నడిచే ఇంజన్లు వచ్చాయి. చెవి పెట్టి రోగం చెప్పే ఉస్తాద్ చెవికి పని పోయింది. స్కానర్ కొనాలంటే డబ్బు, దాన్ని చదవాలంటే ఇంగ్లీషు. ఇన్సూరెన్స్ వాళ్లు నగదు లేని సెటిల్‌మెంట్ అని బండిని నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపిస్తారు. చెట్టు కింద మిగిలింది పంక్చరే. 2006లో సచార్ కమిటీ చెప్పింది చూడండి: ముస్లింలు ఎక్కువగా కనిపించే పనుల్లో చిల్లర వ్యాపారం, రవాణా, బండ్ల రిపేరు ఉన్నాయి. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలని బ్యాంకులు అప్పివ్వకూడని ఇలాకాలుగా గుర్తుపెట్టుకుంటున్నాయన్న సంగతీ ఆ నివేదికలోనే ఉంది. ఒక పక్క అప్పివ్వరు, ఇంకో పక్క పంక్చర్లని నవ్వుతారు.

ఇదంతా మా అబ్బాయి చదవలేదు. కానీ ఒకటి పసిగట్టాడు. ఇంజన్ కంప్యూటర్ చేతిలోకి పోయినా బండి చర్మం మాత్రం ఇంకా మనిషి చేతికే లొంగుతుంది. అందుకే ఈ గోడౌన్.

ఇదివరకు రెండు చోట్ల అడ్వాన్స్ దాకా పోయి, ఆధార్ కార్డు చూపించాక ఆగిపోయింది. ఒకాయన "మా పెద్దవాళ్లు ఒప్పుకోవట్లేదు బాబూ" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూనే. మూడో ఆయన, ఈ గోడౌన్ యజమాని, ముసలి గల్లా వ్యాపారి. ఆయన పేరు సంగతి అడగలేదు. "మోరీ జామైతే నాకు ఫోన్ చెయ్యొద్దు" అని పదకొండు నెలల కాగితం మీద సంతకం చేశాడు. బ్యాంకు ఒకటి మూడు నెలలు తిప్పి లేదంది. అప్పు చుట్టాల దగ్గర, చిట్టీ పాడి, మా వదిన గాజులు పెట్టి తెచ్చారు.

పని మొదలయ్యాక అబ్బా రోజూ వచ్చి కుర్చీ వేసుకునేవారు. "పహలే ఛత్, బాద్ మే ఫర్ష్" అని మొదటి హుకుం. ముందు కప్పు, తర్వాత నేల. పగిలిన రేకులు దించి, దూలాల తుప్పు గీకి, కొత్త ఇనుప రేకులు వేశారు. పావురాలు దూరకుండా జాలీ. నేల దగ్గర తగాదా వచ్చింది. షాబాదు బండల మీదే ఎపాక్సీ పోద్దామని కంట్రాక్టర్, వద్దని అబ్బా. కాంక్రీటు పోసి ఆరాక కూడా ఆయన ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ కాగితం ఒకటి నేలకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి ఉంచమన్నారు. తెల్లారి తీస్తే అడుగున నీటి చెమ్మ. అప్పుడే ఎపాక్సీ పోసుంటే బుడగలొచ్చి పెచ్చులు లేచేది. ఇంకో నెల ఆగారు, ఒక నెల కిరాయి పోయింది.

నీళ్ల సంగతి ఇంకో కథ. బోరు నీళ్లు గట్టివి, నల్ల బండి మీద ఆరితే తెల్ల మచ్చలు. నీళ్లని మెత్తబరిచే మిషన్ పెట్టాల్సి వచ్చింది. కడిగే చోటు వేరు, పాలిష్ చోటు వేరు చేస్తూ మధ్యలో గోడ, కడిగిన నీళ్లు పోయే దారిలో మట్టీ నూనే ఆగిపోయే గుంత, ఆ తర్వాతే మోరీ. త్రీఫేజ్ కరెంటు మీటరు కోసం తిరిగిన తిరుగుడు రాస్తే పేజీలు చాలవు. లైట్లు మాత్రం చూసి తీరాలి. ఆ వెలుగులో బండి మీద సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తాయి, బయట ఎండలో కనపడనివి. బండి పైపొర నలభై యాభై మైక్రాన్ల మందం ఉంటుందట, తల వెంట్రుక కంటే పలచన. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచే కొంచెం పోతుంది. దాన్ని కొలిచే చిన్న మిషన్ మా అబ్బాయి జేబులో ఉంటుంది. మొదటి బండి మీద వాడు మిషన్ పెట్టకముందే అబ్బా అరచెయ్యి పెట్టి, "ఈ డోరు ఒకసారి రంగు తిన్నది" అన్నారు. మిషన్ చూస్తే మిగతా డోర్ల కంటే రెట్టింపు చూపించింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన చాయ్ తెమ్మన్నారు.

పేరు దగ్గర మేం ఓడిపోయాం. 'మోటార్‌ఖానా' అని పెట్టమన్నాం. "చిచ్చా, అది చూస్తే మ్యూజియమనుకుంటారు" అన్నాడు. దాదా పేరు పెట్టమని అబ్బా అన్నారు. వాడు తలొంచుకున్నాడు, చాలాసేపు ఏం అనలేదు. తర్వాత మెల్లగా, "ఫోన్లో వెతికేవాళ్లు పేరు చూసి పక్కదానికి పోతారు దాదా" అన్నాడు. 1990 డిసెంబర్ అల్లర్లు చూసిన మనిషి మా అబ్బా. వాదించలేదు. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఏ మతానికీ చెందని రెండు మాటలు వచ్చాయి. మాకిది ఇప్పటికీ మింగుడు పడలేదు. వాడికి మింగుడు పడిందని మేం అనుకోవడం లేదు.

కానీ జీఎస్టీ చట్టం ఒకటుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ని షాపులో అందరికీ కనపడేలా పెట్టాలి. అందులో సొంతదారు అసలు పేరు ఉంటుంది. వాడు దాన్ని ఫ్రేం కట్టించి కస్టమర్లు కూర్చునే సోఫాకి ఎదురుగానే తగిలించాడు. ఇంకో మూల పెట్టొచ్చు కదా అంటే, మేకు అక్కడే దిగిందన్నాడు.

మొన్న మేం ఉండగా ఒక పెద్దమనిషి కొత్త బండితో వచ్చాడు. కూర్చుని, చాయ్ తాగుతూ ఆ ఫ్రేం దగ్గరికి నడిచి వెళ్లి కళ్లద్దాలు సర్దుకుని పై నుంచి కింద దాకా చదివాడు. అబ్బా కుర్చీలో కదల్లేదు. మేం పేపరు మడిచి పక్కన పెట్టాం. ఆయన వెనక్కి తిరిగి, కోటింగ్‌కి ఎంతవుతుందని అడిగాడు. మా అబ్బాయి చెప్పాడు. ఎక్కువని ఆయన, కాదని వీడు, పావుగంట బేరం జరిగింది.