ఓర్పుకు గడువు: హైదరాబాద్ పాతబస్తీలో ఫాల్, ఎరుక, టారో

వ్యాససంగ్రహం: బంధాలు, ఓర్పు, సమతూకం అనే మూడు మాటల చుట్టూ తిరిగే వారపు టారో ఫలితాలను పాశ్చాత్య దిగుమతిగా కొట్టివేయడం ఎంత తేలికో, ప్రాచీన భారతీయ విద్యకు కొనసాగింపుగా కీర్తించడమూ అంతే తేలిక. రెండూ చరిత్రకు దూరమైనవే. గోల్కొండ ఫాల్‌నామా, తెలుగువారి ఎరుక, చిలక జోస్యం, అబ్జద్ లెక్క అనే ఆధారాలతో హైదరాబాద్ పాతబస్తీ పరిసరాల్లో బంధాల గురించి శకునం అడిగే పద్ధతి ఏమేరకు మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫాల్‌నామా, కుతుబ్‌షాహీలు, ఎరుక, చిలక జోస్యం, అబ్జద్, టారో.

ఉపోద్ఘాతం

వారానికొకసారి పన్నెండు రాశులకూ కార్డులు తీసి ఫలితం చెప్పే ప్రక్రియ తెలుగునాట నేడు అపరిచితం కాదు. అందులో వినిపించే మాటలు దాదాపు స్థిరపడిపోయాయి. "రెండు పాత్రలు" వస్తే కొత్త అనుబంధం. "ఏడు నాణేలు" వస్తే ఓర్పు, ఎందుకంటే ఆ బొమ్మలో ఒక యువకుడు పలుగుపై ఆనుకొని, తాను పెంచిన మొక్క కాపును చూస్తూ నిలబడి ఉంటాడు. పద్నాలుగో కార్డులో ఒక దేవదూత ఒక పాత్రలోని నీటిని మరొక పాత్రలోకి వంపుతుంటాడు. అది సమతూకానికి గుర్తు. ఈ బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ చిత్రించి 1909లో లండన్‌లో వెలువడిన కార్డుల కట్టలోనివి. నేటి టారో పాఠకులలో ఎక్కువమంది ఆ కట్టనో, దాని అనుకరణలనో వాడుతున్నారు.

ఇవి పాతబస్తీకి కొత్తవే. అయితే "నా మనిషి తిరిగి వస్తాడా, ఈ సంబంధం ఖాయం చేసుకోవచ్చునా, ఎన్నాళ్లు వేచి ఉండాలి" అన్న ప్రశ్నలు ఆ నగరానికి కొత్తవి కావు. అటువంటి ప్రశ్నకు జవాబిచ్చే విధానంలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నదే ఇక్కడ విచార్యాంశం.

కార్డుల వంశవృక్షం గురించి ఒక హెచ్చరిక

టారో భారతదేశంలో పుట్టిందనీ, గంజీఫా నుంచి వచ్చిందనీ తరచు వినబడుతుంది. ఈ మాటకు ఆధారం లేదు. టారో 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో ఆటకార్డులుగా పుట్టింది. 78 కార్డులలో 22 ప్రత్యేక చిత్రాలు, 56 మామూలు రంగుల కార్డులు. దానికి ఈజిప్టు రహస్యవిద్య అనే కీర్తిని 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు కట్టబెట్టాడు. శకునం చెప్పడానికి ఈ కార్డులు విస్తారంగా వాడుకలోకి వచ్చింది ఆ తరువాతనే. తత్త్వవేత్త మైకేల్ డమ్మెట్ 1980లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ఈ క్రమాన్ని ఆధారాలతో నిరూపించాడు. ఇక గంజీఫా సంగతి: బాబరు 1527లో సింధుకు గంజీఫా కార్డులు పంపినట్లు తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. మొగల్ గంజీఫాలో 96 గుండ్రని కార్డులు, దశావతార గంజీఫాలో 120 కార్డులు ఉంటాయి. నిర్మల్ చిత్రకారులు వాటిని చిత్రించారు. కానీ అవి ప్రధానంగా ఆటకోసమే. టారోకు దక్కనులో పూర్వరూపం వెదకదలచినవారు కార్డుల పెట్టెను వదలి గ్రంథాన్ని తెరవాలి.

గోల్కొండ ఫాల్‌నామా

ఫాల్ అంటే శకునం, ఫాల్‌నామా శకునగ్రంథం. చిత్రసహితమైన పెద్ద ఫాల్‌నామాలు 16, 17 శతాబ్దాలలో ఇరాన్‌లోనూ, ఉస్మానియా తుర్కీలోనూ తయారయ్యాయి. వాటిలో ప్రసిద్ధమైనది సఫవీ చక్రవర్తి షా తహ్మాస్ప్ పేరుతో ముడిపడినది. 1550లు, 1560ల నాటిది, ఇప్పుడు పుటలు చెదరిపోయి దేశదేశాల సేకరణలలో ఉంది. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజప్రాసాదంలో సుల్తాన్ మొదటి అహ్మద్ కోసం కలందర్ పాషా కూర్చినది మరొకటి. తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేని మూడవ ప్రతి ఒకటుంది. అది సుమారు 1610, 1630ల మధ్య గోల్కొండలో తయారై, ప్రస్తుతం నాసిర్ ఖలీలీ సేకరణలో భద్రంగా ఉంది. ఇరానీ నమూనాపై దక్కనీ చిత్రకారుల చేయి పడిన గ్రంథమది.

ఆ కాలం మహమ్మద్ కులీ కుతుబ్‌షా చివరి ఏళ్లు మొదలు అబ్దుల్లా కుతుబ్‌షా తొలి ఏళ్ల వరకూ విస్తరించింది. అప్పటి పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ, ఇరాన్‌లో షా తహ్మాస్ప్ కుమారుడు హైదర్ మీర్జాకు గురువుగా ఉండి వచ్చినవాడు. ఆయన సమాధి ఉన్న దాయిరా మీర్ మోమిన్ నేటికీ పాతబస్తీలో ప్రసిద్ధ శ్మశానవాటిక. ఫాల్‌నామాను ఆయనే తెచ్చాడని చెప్పడం సాహసమవుతుంది. సఫవీ ఆస్థానపు అభిరుచులు గోల్కొండకు నడచివచ్చిన దారి మాత్రం ఇటువంటి మనుషులదే. పైగా శకునం ఆ నగరానికి పునాదిలోనే ఉంది. చంద్రుడు సింహరాశిలో, గురుడు స్వక్షేత్రంలో ఉన్న ముహూర్తాన నగరనిర్మాణానికి ఆజ్ఞ వెలువడిందని కుతుబ్‌షాహీ చరిత్రకారుడు రాశాడు. చార్మినార్ 1591 నాటిది.

ఫాల్‌నామా వాడే తీరు గమనించదగినది. అడిగేవారు వజూ చేసి, ప్రార్థన చదివి, మనసులో ప్రశ్న నిలుపుకొని గ్రంథాన్ని యాదృచ్ఛికంగా తెరుస్తారు. ఒక పుటలో బొమ్మ. ప్రవక్తలు, ఇమాములు, గ్రహాలు, వీరులు. ఎదుటి పుటలో ఫలితం. ఆ వాక్యం "ఓ ఫాల్ అడిగినవాడా" అన్న సంబోధనతో నేరుగా మనిషితోనే మాట్లాడుతుంది. ప్రయాణం, పెళ్లి, వర్తకం, భాగస్వామ్యం వంటివాటికి శకునం మంచిదో, మధ్యస్థమో, చెడ్డదో చెబుతుంది. చెడ్డదైతే ఊరకుండదు: ఓర్పు పట్టమంటుంది, దానం చేయమంటుంది, నమాజు విడువవద్దంటుంది. ఇక్కడ ఓర్పు నిష్క్రియ కాదు. దానికి తోడు చేయవలసిన పని ఒకటి ఉంది.

గ్రంథం తెరవడం రాజాస్థానాలకే పరిమితం కాలేదు. హాఫిజ్ దివాన్ ప్రతి ఒక్కటి ఉంటే చాలు. పట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయంలో ఉన్న దివాన్ ప్రతి అంచులలో హుమాయూన్, జహంగీర్ స్వహస్తాలతో రాసిన ఫాల్ గుర్తులున్నాయి. తండ్రి అక్బరుతో విభేదించి అలహాబాదులో ఉన్న రోజులలో, తిరిగి వెళ్లాలా వద్దా అన్న సందిగ్ధంలో జహంగీర్ ఆ గ్రంథం తెరిచాడు. బంధం గురించిన ప్రశ్నే అది, సామ్రాజ్యపు ప్రశ్న కూడా.

ఎరుక, చిలక

ఫార్సీ ఎరుగని తెలుగు ఇంటి ముంగిటికి శకునం బుట్ట పట్టుకొని వచ్చింది. ఎరుకలసాని సోది చెప్పడం మన యక్షగానాలలో స్థిరపడిన ఘట్టం: విరహంతో కుమిలే నాయిక, ఆమె చేయి చూసి నాథుడు వస్తాడని చెప్పే ఎరుకత. శ్రీనివాస కల్యాణ కథలో స్వామియే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్లి పద్మావతి తల్లికి సోది చెబుతాడు. వరుడే తన సంబంధానికి తాను సాక్ష్యం చెప్పుకొన్నాడన్న చమత్కారం అలా ఉంచితే, కథలో ఆ సోది చేసిన పని స్పష్టం. కూతురు నోరు విప్పి చెప్పలేని మాటను మూడో మనిషి నోట తల్లి వింటుంది. పెళ్లిమాట ముందుకు కదులుతుంది.

చార్మినార్ పరిసరాలలో, పేవ్‌మెంట్ల మీద కూర్చున్న చిలక జోస్యులది ఇదే పద్ధతికి నగరరూపం. పంజరం తలుపు తీస్తే చిలక నడచివచ్చి వరుసలోంచి ఒక కార్డును ముక్కుతో లాగుతుంది. ఆ కట్టలలో హిందూ దేవతల బొమ్మల పక్కన ఏసు, మరియమ్మ, మక్కా బొమ్మలు కూడా కనిపించడం దక్షిణాదిన సామాన్యం. టారోను పోలిన వస్తువు పాతబస్తీ వీధిలో ఏదైనా ఉందంటే అది ఇదే: యాదృచ్ఛికంగా తీసిన చిత్రం, దానికి నోటి వ్యాఖ్యానం, కొద్దిపాటి రుసుము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశీయ చిలుకలను పట్టి ఉంచడాన్ని నిషేధిస్తుంది. పక్షి దృష్ట్యా అది న్యాయమే. ఆ బొమ్మల కట్టలను మాత్రం భద్రపరచవలసిన కళావస్తువులుగా ఎవరూ గుర్తించలేదు.

ఫాల్ తెరవడం

ఈ విషయంపై అత్యంత విలువైన ప్రత్యక్ష సాక్ష్యం జాయిస్ ఫ్లూకిగర్ 2006లో ప్రచురించిన గ్రంథం. హైదరాబాద్‌లో, మూసీకి ఉత్తరాన ఉస్మానియా విశ్వవిద్యాలయ సమీపంలో వైద్యం చేసే ఒక ముస్లిం మహిళ గదిలో ఏళ్ల తరబడి చేసిన క్షేత్రపరిశీలన అది. గది పాతబస్తీలో లేదన్నది నిజమే కాని, అక్కడి పద్ధతి పాతబస్తీ ఆమిల్‌ల పద్ధతికి చెందినదే. వచ్చినవారి పేరులోని అక్షరాలకు అబ్జద్ ప్రకారం ఉన్న సంఖ్యావిలువలను కూడి, భాగించి, శేషాన్నిబట్టి బాధకు మూలం నిర్ణయిస్తారు. దీనినే ఫాల్ తెరవడం అంటారు. రాజాస్థానంలో గ్రంథం తెరవడానికి ఉన్న మాట ఇక్కడ కాగితం మీది లెక్కకు వచ్చి చేరింది. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఆ గదిలో ఒకే వరుసలో కూర్చునేవారు. భర్త చేయి చేసుకోవడం, మాట వినని కొడుకు, సంతానలేమి, దెబ్బతిన్న వ్యాపారం. వారు తెచ్చే కష్టాలలో అధికభాగం ఇంటి బంధాలవే.

ఈ విధానంలో పరిశోధకులు తగినంతగా పట్టించుకోని అంశం గడువు. తావీజులు కొన్ని నీటిలో కలిపి తాగడానికి, కొన్ని కాల్చడానికి, కొన్ని ధరించడానికి. అవి అయిపోతాయి; మళ్లీ రావాలి. సూఫీ సాధనలో చిల్లా అంటే నలభై రోజులు. ఓర్పు పట్టమన్న మాటకు ఒక అంతం, ఆ అంతంలో ఎదురుగా కూర్చొని "ఏమైంది" అని అడిగే మనిషి ఉంటారు. ఓర్పు అన్న ఉపదేశం ఎక్కువగా స్త్రీలకే అందుతుందన్నది నిర్వివాదం. హింసించే భర్తతో సర్దుకుపొమ్మనడానికి సబర్ అన్న మాట ఎంత సులువుగా పనికివస్తుందో చెప్పనక్కరలేదు. ఆమిల్‌లలో మోసగాళ్లు లేరని కూడా ఎవరూ అనరు. అయినా గడువున్న ఓర్పు, గడువు లేని ఓర్పు ఒకటి కావు. మొదటిదానిలో బాధ తగ్గలేదని చెప్పుకోవడానికి ఒక రోజు, ఒక చోటు ఉంటాయి.

వారం అనే కొలత

వారపు టారోలో "వారం" కార్డుల నుంచి రాలేదు, పత్రికల నుంచి వచ్చింది. 1930 ఆగస్టు 24న లండన్ సండే ఎక్స్‌ప్రెస్ రాకుమారి మార్గరెట్ జాతకాన్ని ఆర్.హెచ్. నేలర్ చేత రాయించింది. పాఠకుల ఆదరణ చూసి అది శీర్షికగా మారింది. పన్నెండు రాశులకు పన్నెండు పేరాలు అనే అచ్చు ఆ దశాబ్దంలోనే కుదురుకుంది. తెలుగు వారపత్రికల వారఫలాలు ఆ చట్రంలోనివే. టారో ఆ చట్రంలో కార్డులను కూర్చింది. ఫలితంగా, ఒక మనిషి పేరు, తల్లి పేరు, చేతిరేఖ, మనసులోని ప్రశ్న, వీటిలో ఏదీ అవసరం లేకుండానే ఒక రాశివారందరికీ ఒకే బంధం, ఒకే ఓర్పు పంపిణీ అవుతున్నాయి. "ఓ ఫాల్ అడిగినవాడా" అన్న పిలుపు మాత్రం "మీరు" అన్న రూపంలో మిగిలింది. వచ్చే వారం మరో కార్డు వస్తుంది. గత వారపు ఓర్పు ఫలించిందో లేదో అడిగే బాధ్యత ఎవరిమీదా లేదు.

సమతూకం విషయంలోనూ ఇదే జారుడు కనిపిస్తుంది. మీజాన్ అంటే తులారాశి, త్రాసు, అంతిమదినాన కర్మలను తూచే తూకం. అందులో ఇద్దరి బరువులూ తూగుతాయి, అన్యాయం చేసినవాడిది కూడా. టారోలో త్రాసు పట్టిన కార్డు న్యాయానిది. రెండు పాత్రల నీరు మితానిది. వారఫలంలో సమతూకం అనగానే రెండో కార్డే ముందుకు వస్తుంది: మీ మనసును మీరే సరిదిద్దుకోండి అని. ఎదుటివారి పళ్లెం ఖాళీ.

ఆధారాల ప్రశ్న

ఈ చరిత్ర రాయడానికి అడ్డంకి ఆధారాల అసమానత. రాజుల ఫాల్‌నామాకు రంగుల ప్రచురణలున్నాయి. 2009లో వాషింగ్టన్‌లో సాక్లర్ గ్యాలరీ ఫాల్‌నామాలపై ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. వీధి శకునానికి అటువంటి గౌరవం దక్కలేదు. వీరేశలింగం తరం సంస్కర్తలు దీనిని మూఢవిశ్వాసంగా ఖండించారు. ఆ ఖండనకు సామాజిక కారణాలున్నాయి. దాని పర్యవసానంగా సోది, జోస్యం మన చరిత్రరచనలో అపహాస్యానికి తప్ప వర్ణనకు నోచుకోలేదు. చిలక జోస్యుల చేతిలో మిగిలిన బొమ్మల కట్టలు, ఆమిల్‌ల లెక్కల పుస్తకాలు, వాటి అంచులలో అడిగినవారి పేర్లు తొలగించి నమోదు చేయదగిన ప్రశ్నలు, సోది పాటల ఈనాటి పాఠాలు విశ్వవిద్యాలయ తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి సేకరించవలసినవి. వీటిలో మొదట కనుమరుగయ్యేవి చిలక జోస్యపు కట్టలే. అట్టముక్కల మీద అంటించిన ఆ కేలండరు బొమ్మలు వానకు తడిస్తే వాటి యజమానులు పారేసి కొత్తవి చేసుకుంటారు.